ఇంటింటా తిరుపతిరావు గారి నాణేలు

తిరుపతిరావు గారు పాత నాణేలు సేకరిస్తారు. ఆయన దగ్గర ఒక్క నాణెం కూడా లేదు.

ఈ రెండు మాటలూ నిజమే. ఆ రెండింటితోనూ ముప్ఫై నాలుగేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి ఆయన భార్య కనకలక్ష్మి. మొగల్రాజపురంలో వాళ్ళింటికి కొత్తవాళ్ళెవరైనా వచ్చి, "సార్ దగ్గర తెల్లదొరల కాలం రూపాయిలు చాలా ఉన్నాయటగా, ఒకసారి చూపిస్తారా అండీ" అని అడిగితే, ఆవిడ ముందు మంచినీళ్ళిచ్చి కూర్చోబెడుతుంది.

"చూడొచ్చండీ. ఒకటి పామర్రులో గేదె మెడలో ఉంది. ఒకటి ఇబ్రహీంపట్నంలో కుట్టుమిషన్లో ఉంది. ఇంకోటి ఉయ్యూరులో గడప కింద ఉంది. ఏది ముందు చూస్తారు?"

వచ్చినవాళ్ళు నీళ్ళు తాగి వెళ్ళిపోతారు.

తిరుపతిరావు గారి పద్ధతి అది. ఎవరింట్లో పాత నాణెం కనబడినా కొనరు, అడగరు, మార్చుకోరు. దానికో నంబరు ఇచ్చి, ఆకుపచ్చ అట్ట రిజిస్టరులో రాసుకుని, ఎక్కడిది అక్కడే వదిలేసి వస్తారు. ఆరు నెలలకోసారి వెళ్ళి, అది క్షేమంగా ఉందో లేదో తనిఖీ చేస్తారు. అలా కృష్ణా డెల్టా పొడవునా ఆయనకి నూట నలభై మూడు నాణేలున్నాయి. నూట నలభై మూడూ పరాయి ఇళ్ళలో ఉన్నాయి.

"పక్కింటాయన పేకాట ఆడతాడు" అని కనకలక్ష్మి వాళ్ళక్కతో ఫోనులో చెప్పుకునేది. "డబ్బు తగలేస్తాడనుకో, అయినా ఏడాదికోసారైనా గెలిచి స్వీటు పాకెట్టు పట్టుకొస్తాడు. మా ఆయన పెట్రోలు పోసుకుని పాతిక కిలోమీటర్లు వెళ్ళి, ఎవరిదో రూపాయి చూసి, మళ్ళీ వాళ్ళ చేతికే ఇచ్చి వస్తారు. ఇదేం వ్యసనమే అక్కా? వ్యసనానికైనా ఒక లక్షణం ఉండాలి కదా."

ఈ తనిఖీ జబ్బు ఉద్యోగంలో అంటుకుంది. తిరుపతిరావు గారు తూనికలు కొలతల శాఖలో ఇన్స్పెక్టరు చేసి రిటైరయ్యారు. రిటైరై అయిదేళ్ళయినా, ఆయన స్కూటరు చప్పుడు వింటే డెల్టాలో ఇప్పటికీ కొంతమంది కొట్లవాళ్ళు కాటా బల్ల కిందకి తోసేస్తారు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకసారి కంకిపాడులో ఒక పచారీ కొట్టు మీద దాడి చేశారు. కొట్టాయన పచ్చకర్పూరం తూస్తున్నాడు. తక్కెట్లో ఒకవైపు కర్పూరం, రెండోవైపు బట్టతల ఎడ్వర్డు రాజు బొమ్మ ఉన్న వెండి రూపాయి.

"ముద్ర లేని రాయితో తూస్తావా? కేసు రాస్తున్నాను" అన్నారు తిరుపతిరావు గారు.

"రాయండి సార్. కానీ ముందు తూచండి" అన్నాడు కొట్టాయన.

తూచారు. సరిగ్గా తులం. వెంట్రుకంత తేడా కూడా లేదు. ప్రభుత్వం వారు ముద్ర వేసి ఇచ్చిన రాళ్ళలో కూడా అంత నిజాయితీ ఆయన ఎప్పుడూ చూడలేదు. ఎడ్వర్డు రాజు పోయి నూరేళ్ళు దాటినా ఆయన రూపాయి ఇంకా కంకిపాడులో డ్యూటీ చేస్తోంది. తిరుపతిరావు గారు కేసు పుస్తకం మూసేసి, వేరే కాయితం మీద ఆ రూపాయి వివరాలు రాసుకున్నారు. అదే నంబరు ఒకటి.

అప్పట్నుంచి ఆయన మనుషుల్ని పలకరించే పద్ధతి మారిపోయింది. ఎవరింటికి వెళ్ళినా మొదటి మాట, "మా రూపాయి ఎట్లా ఉంది?" తరవాత తీరిగ్గా, "మీరు ఎట్లా ఉన్నారు?"

ఇబ్రహీంపట్నంలో టైలరు జక్కయ్యకి ఆపరేషన్ అయింది. జక్కయ్య కుట్టుమిషను చక్రానికి వాషరు బదులు 1944 నాటి చిల్లు కాణీ బిగించి ఉంటుంది. యుద్ధం రోజుల్లో వాళ్ళ తాత బిగించాడు. తిరుపతిరావు గారు బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, జక్కయ్య చెయ్యి పట్టుకుని, "కాణీ ఎట్లా ఉంది?" అని అడిగారు.

"కడుపు మీద పదకొండు కుట్లు పడ్డాయి సార్" అన్నాడు జక్కయ్య నీరసంగా.

"అదీ చూస్తాను. ముందు కాణీ సంగతి చెప్పు. ఇన్నాళ్ళూ మిషను తొక్కలేదు కదా, చిలుము పట్టలేదు కదా?"

ఉయ్యూరులో గడప కింద రూపాయిది ఇంకో కథ. ఇల్లు కట్టేటప్పుడు ద్వారబంధం కింద పెట్టి సిమెంటు చేసేశారు. దాన్ని చూడటానికి వీల్లేదు. అయినా ఆయన ఆరు నెలలకోసారి వెళ్ళి, గడప పక్కన గొంతుకూర్చుని, వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి విని, రిజిస్టరులో "క్షేమం" అని రాసుకుని వస్తారు. ఆ ఇంటి కొత్త కోడలు మొదటిసారి ఇది చూసి, ఎవరో వాస్తు పంతులు గారనుకుని యాభై రూపాయలు దక్షిణ ఇచ్చింది.

గన్నవరంలో రూతు అనే టీచరమ్మ దగ్గర విక్టోరియా రాణి అర్ధ రూపాయి ఉంది. ఆవిడ దాన్ని బైబిల్లో గుర్తుకి పెట్టుకుంటుంది. రిజిస్టరులో ఆయన ప్రతిసారీ పేజీ నంబరు కూడా రాస్తారు. ఒకసారి రెండు తనిఖీల్లోనూ అదే పేజీ కనబడితే, "ఏమ్మా, ఆరు నెలలుగా ముందుకి కదల్లేదు?" అని అడిగారు. ఆవిడ సిగ్గుపడి, ఆ తరవాత రోజూ రెండు పేజీలు తప్పకుండా చదువుతోంది. వాళ్ళ పాస్టరు గారు కూడా సాధించలేని పని అది.

ఇంత తిరిగినా ఇంటికి మాత్రం ఏమీ వచ్చేది కాదు, ఒక్క బందరు తనిఖీకి తప్ప. బందరు దగ్గర గిలకలదిండిలో కొండలమ్మ అనే ఆమె ఉంది. భర్త మంగరాజు సముద్రం మీద వేటకి వెళతాడు, ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధుల్లో అమ్ముతుంది. ఆమె రూపాయి నంబరు నూట పదిహేడు. ఆ తనిఖీ రోజు సాయంత్రం తిరుపతిరావు గారు బస్సు దిగితే, చేతి సంచిలో వంజరమో పండుగప్పో ఉండేది. మిగతా నూట నలభై రెండు నాణేల మీదా కోపం ఉన్నా, నూట పదిహేడంటే కనకలక్ష్మికి కొంచెం అభిమానం.

ఒక ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆ నూట పదిహేడు నుంచే ఫోను వచ్చింది.

"అమ్మగారూ, సారు లేరా అండి?"

"స్నానం చేస్తున్నారు కొండలమ్మా. రూపాయి బాగానే ఉందా?" అంది కనకలక్ష్మి. అలవాటు ఆవిడకీ అంటుకుంది.

"రూపాయి బాగానే ఉందండి. మేమే బాగోలేదు. మా ఆయన బోటు ఇంజను కాలిపోయిందండి. బాగుచేసేవాడు చూసి, ఇది ఇంక పాత ఇనుముకే పనికొస్తదన్నాడు. కొత్తది లక్షా నలభై వేలు. నిషేధం తీసేసి వేట మొదలై పది రోజులైంది, అందరి బోట్లూ సముద్రంలో ఉన్నాయి, మాది ఇసకలో ఉంది. మా ఆయన రొయ్యల చెరువుల మీద కూలికి పోతానంటున్నాడు. పోయినోడు మళ్ళీ బోటెక్కడండి, చూశాం కదా మా వాడలో. సారుని అడగండి, రూపాయి అమ్మే టైము వచ్చిందంటారా అని."

కనకలక్ష్మికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రూపాయి అమ్మి ఇంజను కొనడమేమిటి? బాత్రూము తలుపు దగ్గరికెళ్ళి చెప్పింది. లోపల చెంబు చప్పుడు ఆగిపోయింది.

"అది 1939 రూపాయి, కనకం" అన్నారు తిరుపతిరావు గారు లోపలి నుంచే. "ఆ ఏడాదివి చాలావరకు కరిగించేశారు. మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చంటారు. సరైన చేతిలో పడితే లక్షన్నర పలుకుతుంది."

"మరి మనమే కొనేద్దామండీ. మీ పీఎఫ్ డబ్బులున్నాయిగా. ఆమెకి ఇంజనూ వస్తుంది, మీకు జన్మలో ఒక్క నాణెమైనా ఇంట్లో ఉంటుంది."

"నేను కొనకూడదు."

"ఎందుకు కొనకూడదు?"

"తనిఖీ చేసేవాడు సరుకు కొనకూడదు. తువ్వాలు ఇటివ్వు."

నాణేలు కొనేవాళ్ళంతా ఒకచోట దొరికేది ఏడాదికి ఒక్కరోజే. కృష్ణా డెల్టా నాణేల సంఘం వారు కల్యాణ మండపం అద్దెకి తీసుకుని ప్రదర్శన పెడతారు. తిరుపతిరావు గారు అందులో సభ్యులే. చందా కడతారు, వెనక వరస కుర్చీలో కూర్చుంటారు, ఇడ్లీ తిని వస్తారు. ప్రదర్శించడానికి ఏమీ లేని ఏకైక సభ్యుడు కాబట్టి, సంఘంలో పెద్ద వ్యాపారి శివాజీ ఆయనకి 'ఖాళీ పెట్టె' అని పేరు పెట్టాడు. ఎదురుగానే పిలుస్తాడు కూడా. ఈయన నవ్వేస్తారు.

ఈసారి ప్రదర్శన వచ్చే ఆదివారమే. తిరుపతిరావు గారు సంఘానికి ఫోను చేసి, తనకి పన్నెండు బల్లలు కావాలన్నారు.

"పన్నెండా? వాటి మీద ఏం పెడతారండీ?"

"మనుషుల్ని" అన్నారు.

కనకలక్ష్మికి మాత్రం విడమరచి చెప్పారు. "కొండలమ్మ ఒక్కతే రూపాయి పట్టుకుని ఆ హాల్లోకి వెళితే, గంపలో చేపని గెద్ద ఎత్తుకుపోయినట్టు ఎత్తుకుపోతారు. చుట్టూ మనవాళ్ళు ఉండాలి. పన్నెండు మందిని పిలుద్దాం. నువ్వు ఫోన్లు చేసి తేదీ చెప్పు, చాలు."

తేదీ చెప్పి ఊరుకుంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ కనకలక్ష్మి పద్ధతిగల మనిషి. పదిమందిలోకి వెళ్ళేటప్పుడు మంచినీళ్ళ చెంబైనా తోమకుండా బయట పెట్టదు. మొగుడి నాణేలు మొదటిసారి సభకి ఎక్కుతున్నాయి. అందుకని ఒక్కొక్కరికీ ఫోను చేసి, తేదీ చెప్పి, చివర్లో తన సొంత మాట ఒకటి కలిపింది.

"కాస్త చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమి తీసుకురండి. నలుగురూ చూస్తారు."

పన్నెండో ఫోను కొండలమ్మకి. ఆమెకీ అదే మాట చెప్పింది.

ఆదివారం పొద్దున్న పది గంటలకి కల్యాణ మండపంలో అద్దాల పెట్టెలు, వెల్వెట్టు గుడ్డలు, భూతద్దాలు పెట్టుకున్న పెద్దమనుషులు. గోడవార పన్నెండు బల్లలు ఖాళీగా ఉన్నాయి. ముందుగా జక్కయ్య వచ్చాడు, ఆటోలో మిషనుతో సహా. ఎనభై ఏళ్ళుగా బిగుసుకున్న కాణీ ఊడి రాలేదట. ఇద్దరు మనుషులు మిషను మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు. పక్కన జక్కయ్య కూర్చుని, ఊరికే ఉండలేక ఒక జాకెట్టు కుట్టడం మొదలుపెట్టాడు. పామర్రు నుంచి సంపూర్ణమ్మ వచ్చింది, ఈస్టిండియా కంపెనీ వాళ్ళ కాణీ ఉన్న గేదె మెడతాడు పట్టుకుని.

"తాడు తీసేసరికి గేదె పొద్దున్న పాలివ్వలేదండీ" అంది ఆవిడ వస్తూనే. "తొందరగా చూసి పంపించెయ్యండి."

రూతు బైబిలు పట్టుకొచ్చింది. నంబరు ఒకటి గల కంకిపాడు కొట్టాయన తక్కెడతో సహా వచ్చాడు. ఉయ్యూరు వాళ్ళు గడప ఫోటో ఫ్రేము కట్టించి తెచ్చారు. పదకొండు బల్లలు నిండాయి.

తిరుపతిరావు గారు చేతులు రుద్దుకుంటూ మొదటి బల్ల దగ్గరికి వచ్చి వంగి చూసి, అలాగే ఉండిపోయారు. కాణీ బంగారంలా మెరుస్తోంది. రెండో బల్ల. మెడతాడుకి కంపెనీ కాణీ అద్దంలా మెరుస్తోంది. మూడో బల్ల మీద విక్టోరియా రాణి ముక్కు కొంచెం అరిగి, మొహం మాత్రం అప్పుడే ఫేషియల్ చేయించుకున్నట్టు ఉంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"బాగా తోమామా సార్?" అన్నాడు జక్కయ్య. "ఇంట్లో మీరు తోమొద్దనే చెప్పేవారు. ఇది ఫంక్షను కదా అని అమ్మగారు తోమమన్నారు. టూత్ బ్రష్షు పెట్టి తోమాను, సందుల్లో కూడా."

తిరుపతిరావు గారు భార్య వైపు చూశారు. ఆవిడ మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ నవ్వుతోంది.

"బ్రహ్మాండం" అన్నారు ఆయన. పదకొండు బల్లల దగ్గరా ఆగి, పదకొండుసార్లూ అదే మాట అన్నారు.

కనకలక్ష్మి గర్వంగా హాలంతా తిరిగింది. ఒకచోట శివాజీ నలుగురిని పోగేసి నవ్విస్తున్నాడు.

"చూశారా మన ఖాళీ పెట్టె గారి కలెక్షను? గిన్నెల కొట్టులా ఉంది. పాత నాణేనికి ఆ నల్లటి పొరే ప్రాణం సార్. తోమిందంటే విలువ సగానికి సగం పోయినట్టే. వెండైతే బరువు లెక్కన కొంటాం, అంతే."

కనకలక్ష్మి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. సగానికి సగం. లక్షన్నరలో సగమెంతో లెక్క వేసింది. అందులో ఇంజను రాదు. సగం ఇంజను ఎవరూ అమ్మరు. కొండలమ్మ చేపలు తోమే చెయ్యి ఆవిడ కళ్ళ ముందు కదిలింది. పండుగప్ప పొలుసునే నాలుగు గీతల్లో ఊడగొట్టే చెయ్యి, చింతపండు పెట్టి రూపాయిని తోమితే రాజు గారి తలకాయైనా మిగులుతుందా?

ఆవిడ గేటు దగ్గరికి పరిగెత్తి నిలబడింది. పది నిమిషాల తరవాత కొండలమ్మ ఆటో దిగింది. ఇస్త్రీ చీర, తలలో కనకాంబరాలు, మొహాన ఇంత కుంకుమబొట్టు. మనిషి తళతళలాడిపోతోంది.

"తోమావా?" అంది.

"ఏంటమ్మగారూ?"

"రూపాయే, కొండలమ్మా. తోమేశావా?"

కొండలమ్మ తల వంచుకుంది. "తప్పైపోయిందమ్మగారూ. మీరు చెప్పారు కదాని చింతపండు నానేసి కూర్చున్నానండి. మా అత్త వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అది మా బోణీ రూపాయండి. పొద్దున్నే మొదటి చేప అమ్మిన డబ్బు దానికి తాకించి గంపలో వేస్తాం. మా అత్తకి వాళ్ళత్త ఇచ్చింది. దాన్ని కడిగితే బేరం కూడా దాంతోపాటు కొట్టుకుపోతదని మా ఇంట్లో ఎవరూ నీళ్ళు తగలనివ్వరు. కోపం చేసుకోకండమ్మగారూ."

ఆమె కొంగు ముడి విప్పింది. లోపల నల్లగా, జిడ్డుగా, ఏ రాజో పోల్చుకోలేనట్టుగా ఒక రూపాయి. గేటు వరకు చేపల కంపు కొట్టింది.

కనకలక్ష్మి ఆ కంపు గుండెల నిండా పీల్చుకుంది. "నీకు పుణ్యముంటుంది. దాన్ని ఇంకెక్కడా తుడవకు" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

పన్నెండో బల్ల దగ్గరికి ముందు వచ్చింది శివాజీయే. రూపాయి తీసుకుని, ముక్కు దగ్గర జేబురుమాలు పెట్టుకుని, భూతద్దంలో చూశాడు. చూస్తున్నవాడు ఒక్క క్షణం ఊపిరి తీయడం మర్చిపోయాడు. తరవాత మొహం మామూలుగా పెట్టేశాడు.

"దొంగదమ్మా ఇది. 1938 రూపాయి తీసుకుని, ఎనిమిదిని గోకి తొమ్మిది చేశారు. పాపం దూరం నుంచి వచ్చావు. వెండి ఖరీదు కన్నా ఎక్కువే, ఒక అయిదువేలు ఇస్తాను, ఛార్జీలకి ఉంటుంది."

కనకలక్ష్మి మొగుడి వైపు చూసింది. ఆయన గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక్క మాట మాట్లాడరేం?

మాట్లాడింది కొండలమ్మ. "అయిదువేలా? ఉండండి" అని చేతిసంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. కవరులోంచి చీటీల కట్ట. ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది. ఇరవై రెండు చీటీలు. అన్నీ తిరుపతిరావు గారి గుండ్రటి దస్తూరీయే. ప్రతిదాని మీదా తేదీ, రూపాయి బరువు, అంచు కొలత, ఆ ఆరు నెలల్లో అలాంటిది ఎక్కడ ఎంతకి అమ్ముడైందో, కింద 'ఇంతకన్నా తక్కువకి ఇవ్వవద్దు' అన్న అంకె. పదకొండేళ్ళ కింద చీటీలో అరవై వేలుంది. మొన్నటి చీటీలో లక్షన్నర.

"నాకు చదువు రాదండి. ప్రతిసారీ సారే చదివి చెప్పి, మా అమ్మాయి పద్మశ్రీతో మళ్ళీ చదివించి వెళతారు" అంది కొండలమ్మ. "అవసరం వచ్చినప్పుడు నీ చేత్తో నువ్వే అమ్ముకో, ఎవరో వచ్చి అడిగితే ఇవ్వకు, నేను అడిగినా ఇవ్వకు అన్నారు."

పక్క బల్ల దగ్గర జక్కయ్య మిషను తొక్కడం ఆపి, చొక్కా జేబులోంచి తన చీటీ తీశాడు. సంపూర్ణమ్మ బొడ్లో సంచిలోంచి తీసింది. రూతు బైబిల్లోంచి తీసింది. ఉయ్యూరు గడప వాళ్ళ దగ్గర కూడా ఉంది. అందులో 'ఇల్లు పడగొడితే తప్ప చెప్పలేను' అని రాసి ఉంది. ముప్ఫై నాలుగేళ్ళుగా కాపురం చేస్తున్న కనకలక్ష్మికి ఈ చీటీల సంగతి అప్పుడే తెలిసింది. ఆవిడ మొగుణ్ణి కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నారు.

"కాయితాలు ఎవరైనా రాస్తారు" అన్నాడు శివాజీ.

"అయితే రూపాయినే అడుగుదాం" అని గుడివాడ నుంచి వచ్చిన డాక్టరు గారు ఒకాయన ముందుకొచ్చారు. సంఘంలో అందరికన్నా పెద్దవారు. కంకిపాడు తక్కెట్లో తూకం వేయించారు. తన భూతద్దం తీసి ఆ తొమ్మిదిని అయిదు నిమిషాలు చూశారు. చుట్టూ జనం మూగారు.

"గోకుడు లేదు, గీకుడు లేదు. అసలైనదే" అన్నారు.

"అయితే పాతికవేలు ఇస్తాను" అన్నాడు శివాజీ వెంటనే.

కొండలమ్మ చీర కొంగు నడుముకి దోపింది. బల్ల ముందుకి వచ్చి నిలబడి, హాలంతా ఒకసారి కలయజూసింది. రోజూ తెల్లారి రేవులో బోటు దిగిన చేపల్ని వేలం వేసి, మిగిలినవి గంపకెత్తుకునే మనిషి ఆమె. ఆ గొంతు సముద్రం హోరు మీద కూడా వినబడేలా తయారైంది. కల్యాణ మండపం ఎంత.

"పాట పెడుతున్నానండి. ముప్ఫై తొమ్మిదో సంవత్సరం రూపాయి, నీళ్ళు తగలని సరుకు. దగ్గరికొచ్చి చూసుకోండి. కంపు కొడితే కొట్టనివ్వండి, కంపు కొట్టేది తాజా సరుకు కాదనుకుంటారేమో, ఇది నూట పదేళ్ళు ఆడోళ్ళ చేతిలో నిలిచిన సరుకు. ముట్టుకుంటే వేళ్ళు కడుక్కోండి, రూపాయిని కడక్కండి. లక్ష దగ్గర మొదలు."

"నూట పదేళ్ళెక్కడివమ్మా, ముప్ఫై తొమ్మిదిలో పుట్టిన రూపాయికి" అన్నాడు వెనకనుంచి ఎవరో.

"మీరు వయసే చూస్తారా, డబ్బు కూడా తీస్తారా?" అంది కొండలమ్మ. హాలు గొల్లుమంది.

పెద్దమనుషులకి ఇలాంటి పాట అలవాటు లేదు. వాళ్ళు చెవిలో చెప్పుకుని, కవర్లలో రాసుకునే రకం. కానీ రెండు నిమిషాల్లో డాక్టరు గారు లక్షా పది అన్నారు. ఏలూరు మిల్లు ఆసామి ఒకాయన లక్షా ఇరవై అన్నాడు. శివాజీ కాసేపు బిగుసుకుని కూర్చుని, దొంగదని తానే చెప్పిన రూపాయికి లక్షా నలభై పాడాడు.

"దొంగది కదండీ, జాగ్రత్త" అంది సంపూర్ణమ్మ పక్కనుంచి.

"డాక్టరు బాబూ, చూస్తూ నిలబడితే చేప నీళ్ళలోకి జారిపోద్ది" అని కొండలమ్మ తొందరపెట్టింది. "ఒకటోసారి. రెండోసారి. మిల్లు బాబు నోరు తెరిచారు, ఏంటండి, ఆవులింతా, పాటా?"

లక్షా డెబ్బై రెండు వేల దగ్గర డాక్టరు గారికి పాట నిలిచింది. కొండలమ్మ బల్ల మీద అరచెయ్యి చరిచింది. రూపాయి ఎగిరి పడి ఖంగుమంది. ఆ మోత విని కంకిపాడు కొట్టాయన కళ్ళు మూసుకుని తల ఊపాడు.

ఇంటికొచ్చాక కనకలక్ష్మి కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, తోమమన్నది నేనే."

"తెలుసు."

"గడప కిందది తప్ప పది నాణేలు పాడుచేశాను."

"అవన్నీ యాభైకీ వందకీ వెయ్యికీ పోయేవే కనకం. ఎవరూ అమ్మరు కూడా. వాళ్ళు సంతోషంగా తోముకున్నారు. మళ్ళీ నల్లబడతాయిలే, ఒక ఎనభై ఏళ్ళలో."

"ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పండి. పదకొండేళ్ళ కిందట ఆమెకి దాని ఖరీదు తెలియదు కదా. అప్పుడు అడిగితే వంద రూపాయలకి ఇచ్చేది కాదూ?"

తిరుపతిరావు గారు కాఫీ ఊదుకున్నారు. "మీకంత ఇష్టమైతే బోణీకి ఇంకోటి చూసుకుంటామని ఊరికే ఇస్తానంది. సంచిలో వేసేసింది కూడా, చేపతో పాటు. నేనే తీసి ఇచ్చేశాను."

"ఎందుకండీ?"

"తెచ్చుకుని ఉంటే మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వాళ్ళింట్లో చేపల పులుసు తింటాను? రూపాయి ఏముంది, ఒకసారి చూస్తే అయిపోతుంది. పులుసు ఇరవై రెండుసార్లు తిన్నాను."

రిజిస్టరులో నూట పదిహేడు ఎదురుగా 'బదిలీ, గుడివాడ' అని రాశారు. రాసి, ఆ సాయంత్రమంతా డీలాగా తిరిగారు. డాక్టరు గారింటికి తనిఖీకి వెళ్ళొచ్చు గానీ, ఆయన పూర్తి శాకాహారి. గిలకలదిండికి వెళ్ళడానికి మాత్రం ఇంక ఏ వంకా లేదు.

మూడు వారాల తరవాత కొండలమ్మ ఫోను చేసింది. "సారూ, రూపాయి లేకపోతే మా ఇంటికి రారా అండి? కొత్త ఇంజను వచ్చింది. మా ఆయన మీరు చూస్తే గానీ నీళ్ళలో దించనంటున్నాడు. అమ్మగారిని కూడా తీసుకురండి."

ఇద్దరూ బందరు బస్సెక్కారు. కనకలక్ష్మి జీవితంలో మొదటిసారి తనిఖీకి వెళ్ళడం. రేవు ఒడ్డున బోటులో కొత్త ఇంజను, ఇంకా ప్లాస్టిక్ కాయితం కూడా తీయలేదు. తిరుపతిరావు గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి బోటెక్కారు. ఇంజను గురించి ఆయనకి ఒక్క ముక్క తెలియదు. అయినా దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి, దాని మీద అచ్చొత్తిన అంకెలన్నీ చదివారు. మంగరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏ సంవత్సరంది?" అన్నారు తిరుపతిరావు గారు.

"ఈ సంవత్సరమే సారూ. పోయిన నెల్లోనే తయారైందంట."

ఆయన కళ్ళజోడు తీసి చాలా సీరియస్‌గా ఆలోచించారు. కొత్త పేజీ తిప్పి, నంబరు వేసి, ఒక చీటీ రాసి చింపి, కొండలమ్మ చేతిలో పెట్టారు. ఆమె దాన్ని కనకలక్ష్మికి ఇచ్చింది చదవమని. కనకలక్ష్మి చదవబోయి, నవ్వు ఆపుకోలేక బోటు అంచు పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఏం రాశారమ్మగారూ?"

"ఇప్పుడే అమ్మొద్దట. ఇంకో తొంభై ఏళ్ళు ఆగితే మంచి ధర వస్తుందట."